కరోనా కాలంలో జీతాలకు ప్రభుత్వ సహాయం: పాల సంఘాలు గ్రహించవలసిన విషయాలు

చిలమత్తూరు పరిసర గ్రామాల సంఘాలకు తనిఖీ నిమిత్తం వెళ్ళినప్పుడు పాలకవర్గ సభ్యులు మమ్మల్ని ఒక ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. "కరోనాలో కంపెనీలోళ్ళకు జీతాల కోసం గవర్నమెంటు దుడ్లు ఇచ్చిందంట కదా సార్! లాక్‌డౌన్‌లో ఒక్కపూట మానుకోకుండా పాలు కొలిచిన మా సంఘం పిల్లోనికి ఒక్క రూపాయి కూడా ఎందుకు రాలేదు?" అని.

ఇది న్యాయమైన ప్రశ్న. "మీకు వర్తించదు" అని ఒక్క మాటతో తప్పుకోవడం సులభమే. కాని ఎందుకు వర్తించలేదో తెలియకపోతే, ఇకముందు వచ్చే సహాయాలు కూడా మన సంఘాల గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోతాయి. అందువల్ల ఏ సహాయం ఎవరికి, ఏ షరతు మీద వచ్చినది, మన సంఘాల పనివారి దగ్గరకు వచ్చేసరికి అది ఎక్కడ ఆగిపోయినది, ఇప్పుడు మనం చేయదగినది ఏమిటి అన్న మూడు విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాము.

పనులు నిలిచిన రోజులు

2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినది. మొదట 21 రోజులన్నారు. తరువాత విడతలు విడతలుగా మే నెలాఖరు వరకు పొడిగించారు. హిందూపురం పక్కన తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలలో యంత్రాలు ఆగినవి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి నిలిచిపోయి మే నెలలో గాని తిరిగి మొదలు కాలేదు. ధర్మవరంలో నేసిన పట్టుచీరలు కొనేవారు లేక మగ్గాల మీదే ఉండిపోయినవి. బెంగళూరు వైపు పనులకు వెళ్ళినవారు ఊళ్ళకు తిరిగి వచ్చారు.

పాలు మాత్రం అత్యవసర వస్తువు. వాటి సేకరణకు, రవాణాకు అనుమతి ఉన్నది. ఆవు లాక్‌డౌన్ ఎరగదు గదా! రెండు పూటలా పాలు వస్తూనే ఉన్నవి. సంఘాలలో పనిచేసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకొని వాటిని కొలుస్తూనే ఉన్నారు.

2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసినది. దుకాణమైనా, పరిశ్రమైనా మూతపడిన కాలానికి కూడా పనివారికి కోత లేకుండా పూర్తి జీతం గడువు తేదీన ఇవ్వవలెనని దాని సారాంశం. అయితే ఆ జీతం ఇవ్వడానికి యజమానికి ప్రభుత్వం డబ్బేమీ ఇవ్వలేదు. రాబడి లేనివారు జీతాలు ఎక్కడి నుంచి తేవాలని చిన్న పరిశ్రమల వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమలులో లేకుండా పోయినది. ఆ ఉత్తర్వు నడిచిన కాలపు జీతాల సంగతి యజమానులు, పనివారు కూర్చొని మాట్లాడుకోవలెనని, ఈలోగా యజమానులపై బలవంతపు చర్యలు వద్దని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పినది. పెద్ద కంపెనీల్లో కూర్చొని మాట్లాడేందుకు యూనియన్లు ఉంటాయి. పది మంది పనిచేసే చోట ఎవరు ఎవరితో మాట్లాడతారు?

ఇతర దేశాల పద్ధతి

ఈ కాలంలోనే కొన్ని దేశాలు జీతాన్నే నేరుగా భరించినవి. బ్రిటన్‌లో పని లేక ఇంటి దగ్గర ఉన్న ఉద్యోగికి జీతంలో 80 శాతం వరకు, నెలకు 2,500 పౌండ్లు మించకుండా ప్రభుత్వం ఇచ్చినది. ఆ డబ్బు యజమాని ద్వారా ఉద్యోగికి చేరేది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు 30 వరకు సాగిన ఈ పథకం కింద మొత్తం మీద 1 కోటి 17 లక్షల ఉద్యోగాలకు సాయం అందినది. జర్మనీలో పని గంటలు తగ్గిన మేరకు పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ఇచ్చే ఏర్పాటు ముందునుంచే ఉన్నది. దానినే ఇంకా పెంచి వాడుకున్నారు. ఆస్ట్రేలియాలో మొదటి ఆరు నెలలు రెండు వారాలకు 1,500 డాలర్ల చొప్పున యజమాని ద్వారా ఇచ్చారు. అమెరికాలో చిన్న వ్యాపారులకు అప్పు ఇచ్చి, అందులో కనీసం 60 శాతం జీతాలకు ఖర్చు చేసి మిగిలిన షరతులు కూడా పాటిస్తే ఆ అప్పును మాఫీ చేశారు.

ఆ దేశాలకు డబ్బు ఎక్కువ, అందుకే ఇచ్చారు అనుకోవచ్చు. అది నిజమే గాని, పూర్తి నిజం కాదు. బ్రిటన్ పథకంలో మొదట 2020 మార్చి 19 నాటికి ఎవరి పేరు జీతాల జాబితాలో పన్నుల శాఖకు చేరినదో వారికే సహాయం వర్తించినది. అంటే అక్కడ కూడా డబ్బు కన్నా ముందు చూసినది జాబితానే. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంత జీతం తీసుకుంటున్నారు అన్న లెక్క ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నది కనుక వారాల్లో చెల్లింపులు మొదలు పెట్టగలిగారు.

మన దేశంలో పి.ఎఫ్. మార్గం

మన దేశంలో అటువంటి జాబితా దాదాపు ఒక్క ప్రావిడెంట్ ఫండులోనే ఉన్నది. కనుక సహాయం ఆ దారిలోనే వచ్చినది. 2020 మార్చి 26న ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో ఇది ఒక భాగం. నూరు మంది వరకు ఉద్యోగులు ఉండి, వారిలో 90 శాతం మంది జీతం నెలకు రు. 15,000 కన్న తక్కువ ఉన్న సంస్థలలో, ఆ తక్కువ జీతం వారి తరఫున ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, మొత్తం 24 శాతం ప్రభుత్వమే పి.ఎఫ్. ఖాతాలో జమ చేసినది. మొదట మార్చి, ఏప్రిల్, మే నెలల జీతాలకు, తరువాత జూన్ నుంచి ఆగస్టు వరకు, మొత్తం ఆరు నెలలు ఇది సాగినది.

లెక్క వేసి చూద్దాము. ఒక చిన్న ఫ్యాక్టరీలో 20 మంది, ఒక్కొక్కరి జీతం రు. 10,000 అనుకుందాము. నెల జీతాల మొత్తం రు. 2,00,000. ప్రభుత్వం జమ చేసేది ఒక్కొక్కరికి రు. 2,400. ఇందులో యజమానికి తప్పిన ఖర్చు రు. 1,200, పనివానికి జీతంలో కోత పడకుండా చేతికి వచ్చినది రు. 1,200. అంటే యజమానికి 20 మంది మీద నెలకు రు. 24,000 మిగులు. జీతం ఇవ్వడానికి కావలసిన రు. 2,00,000 మాత్రం ఆయనే తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన షరతును గమనించవలెను. యజమాని ఆ నెల జీతాలు ఇచ్చి, నెలసరి చలాను దాఖలు చేసి, జీతాలు ఇచ్చినట్లు ధ్రువీకరిస్తేనే ప్రభుత్వ వాటా జమ అయ్యేది. మూతపడి జీతాలు ఇవ్వలేని సంస్థకు ఏమీ రాదు. జీతం అందని పనివానికీ ఏమీ రాదు. పైగా ఉద్యోగి పి.ఎఫ్. నంబరుకు ఆధార్ జత కావాలి. మొత్తం ఆరు నెలలకు 72 లక్షల మందికి, రు. 4,860 కోట్లు ఖర్చవుతుందని 2020 జులైలో కేంద్రం అంచనా వేసినది. చివరకు అందినది దాదాపు 39 లక్షల మందికి, సుమారు రు. 2,567 కోట్లు. అంచనాలో సగం కన్న కొంచెం ఎక్కువ మందికే చేరినదన్నమాట.

పి.ఎఫ్. నుంచి మూడు నెలల మూలవేతనం, కరువు భత్యం లేదా ఖాతాలోని 75 శాతం, ఏది తక్కువైతే అంత తీసుకొనే సౌకర్యం కూడా ఇచ్చారు. చాలామంది దీనిని సహాయంగా భావిస్తారు. అది పనివాని సొంత డబ్బే. ముసలితనానికి దాచుకున్నది ముందుగా తీసుకోవడమే.

తరువాత 2020 అక్టోబరు 1 నుంచి వర్తించేలా ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన వచ్చినది. కొత్తగా పనిలోకి తీసుకున్నవారికి, కరోనాలో పని పోయి తిరిగి చేరినవారికి, జీతం రు. 15,000 లోపు ఉంటే, వెయ్యి మంది వరకు ఉన్న సంస్థలలో 24 శాతం కూడా రెండేళ్ళు ప్రభుత్వమే కట్టినది. 50 మంది లోపు సంస్థ కనీసం ఇద్దరిని, అంతకు మించినది కనీసం ఐదుగురిని అదనంగా తీసుకోవాలి. 2022 మార్చి 31 వరకు నమోదుకు గడువు ఇచ్చారు. దీని కింద 60 లక్షలకు పైగా లబ్ధి పొందారు.

ఇ.ఎస్.ఐ.లో ఉన్నవారికి పని పోతే, సగటు జీతంలో 25 శాతంగా ఉన్న నిరుద్యోగ భృతిని 50 శాతానికి పెంచి 90 రోజుల వరకు ఇచ్చారు. ఇది కూడా ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికే. చిన్న పరిశ్రమలకు 2020 ఫిబ్రవరి 29 నాటి అప్పు నిల్వలో 20 శాతం వరకు కొత్త హామీ అడగకుండా అప్పు ఇప్పించారు. నాలుగేళ్ళ గడువు, మొదటి ఏడాది అసలు కట్టనక్కరలేదు. కాని అది అప్పే. మన రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్, మే, జూన్ నెలల స్థిర విద్యుత్ చార్జీలను చిన్న పరిశ్రమలకు మాఫీ చేసినది.

ధర్మవరం మగ్గాల సంగతి

జీతాల జాబితా లేని వృత్తికి సహాయం చేరిన ఉదాహరణ మన పక్కనే ఉన్నది. సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి ఏటా రు. 24,000 ఇచ్చే నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే మొదలైనది. రెండవ విడత 2020 డిసెంబరులో రావలసి ఉండగా, కరోనా కారణంగా ఆరు నెలలు ముందుకు జరిపి 2020 జూన్ 20న 81 వేల పైచిలుకు కుటుంబాల ఖాతాలలో వేశారు. 2023 వరకు మొత్తం ఐదు విడతలు ఇచ్చారు.

ఇంత త్వరగా ఎలా సాధ్యమైనది? ఆరు నెలల ముందే ఇంటింటికి తిరిగి మగ్గాలు లెక్కపెట్టి, ఖాతా నంబర్లు రాసుకొని ఉన్నారు. ఆ జాబితాతో కష్టకాలంలో పని సులువైనది. అదే ధర్మవరంలో మగ్గం యజమాని దగ్గర కూలికి నేసేవాడు, అద్దకం పనివాడు, పడుగు అతికేవాడు సొంత మగ్గం లేనందున ఆ లెక్కలోకి రాలేదు. ఒకే వీధిలో, ఒకే చీర మీద పనిచేసినవారిలో ఒకరికి అందినది, మరొకరికి అందలేదు.

ఊళ్ళలో కూలి చేసుకునేవారికి కూడా పద్ధతి ఇదే. రేషను కార్డు ఉన్న ఇంటికి రాష్ట్రం ఇచ్చిన రు. 1,000, జన్‌ధన్ ఖాతా ఉన్న స్త్రీకి మూడు నెలలు రు. 500 చొప్పున, జాబ్ కార్డు ఉన్నవారికి మన రాష్ట్రంలో రు. 211 నుంచి 237కు పెరిగిన ఉపాధి హామీ కూలి. ఏదో ఒక పుస్తకంలో పేరు ఉన్నవారికి ఎంతో కొంత చేరినది.

పాడి రంగానికి వచ్చిన సహాయం

పాడి రంగాన్ని ప్రభుత్వం మరచిపోలేదు. అయితే ఆ సహాయం వేరే రూపంలో వచ్చినది. హోటళ్ళు, టీ కొట్లు, పెళ్ళిళ్ళు ఆగిపోవడంతో పాల గిరాకీ 20 నుంచి 25 శాతం తగ్గినది. దేశం మొత్తం మీద సహకార డెయిరీలు రోజుకు 560 లక్షల లీటర్లు సేకరిస్తే అమ్ముడుపోయినవి 360 లక్షల లీటర్లేనని 2020 మే 15న కేంద్ర ఆర్థిక మంత్రి చెప్పారు. మిగిలిన పాలను కాదనకుండా తీసుకొని పొడిగా, వెన్నగా మార్చి నిల్వ చేశారు. ఈ విధంగా అదనంగా కొన్న 111 కోట్ల లీటర్లకు రైతులకు రు. 4,100 కోట్లు చెల్లించినట్లు ఆ ప్రకటనలో ఉన్నది.

పాడి రైతుకు పాల బిల్లే జీతం. కనుక మన రంగంలో జీతాల సహాయం అంటే నిజానికి ఈ పాలు తిరగగొట్టకుండా తీసుకోవడమే. పొడి అమ్ముడయ్యేవరకు డబ్బు చిక్కుకుపోతుంది గనుక, డెయిరీ సహకార సంస్థలు తెచ్చిన నిర్వహణ పెట్టుబడి అప్పుపై 2020-21 సంవత్సరానికి 2 శాతం వడ్డీ రాయితీ, సకాలంలో చెల్లిస్తే మరో 2 శాతం ఇచ్చారు. కోటి రూపాయల అప్పుకు ఏడాదికి 4 లక్షల వరకు మిగులు. ఆ ఏడాది జూన్, జులై నెలల్లో పాడి రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డులు ఇప్పించే ప్రత్యేక కార్యక్రమం కూడా జరిగినది.

ఇందులో రైతుకు బిల్లు దక్కినది. యూనియన్లకు, ఫెడరేషన్లకు వడ్డీ తగ్గినది. మధ్యలో ఉన్న గ్రామ సంఘపు పనివాడు ఈ రెండింటిలోనూ లేడు. అతడు పాలు పోసేవాడు కాకపోతే రైతు లెక్కలోకి రాడు. పి.ఎఫ్. లేకపోతే ఉద్యోగి లెక్కలోకి రాడు.

మన సంఘాల దగ్గర ఎందుకు ఆగినది

దీనికి రెండు కారణాలు. మొదటిది చట్టం. పి.ఎఫ్. చట్టం 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు వర్తించేది. 2020 నాటికి అమలులో ఉన్న 1952 చట్టం 16వ సెక్షన్ ప్రకారం, 50 మంది లోపు ఉండి విద్యుచ్ఛక్తి సహాయం లేకుండా పనిచేసే సహకార సంఘాలకు అసలు వర్తించదు. ఇద్దరో ముగ్గురో పనిచేసే పాల సంఘం ఏ విధంగా చూసినా బయటే ఉండినది. యజమాని, ఉద్యోగులలో ఎక్కువ మంది ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు మాత్రం అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది.

రెండవ కారణం మన లెక్కలు. చాలా సంఘాలలో కార్యదర్శికి, పాలు పరీక్షించేవారికి ఇచ్చేది 'గౌరవ వేతనం' అనో, 'కమీషన్' అనో, ఒక్కొక్కచోట 'ఇతర ఖర్చులు' అనో రాస్తారు. హాజరు పట్టీ ఉండదు. నియామకపు తీర్మానం ఉండదు. పదేళ్ళు పనిచేసిన మనిషి ఆ సంఘంలో పనిచేసినట్లు ఒక్క కాగితం చూపలేడు. ప్రభుత్వం రేపు "పాల సంఘాల పనివారికి నెలకు ఇంత" అని ప్రకటించినా, ఎవరి పేరు పంపుతారు? ఏ ఆధారంతో పంపుతారు?

ఇప్పుడు చేయదగిన పనులు

ఒకటి: పనివారి నియామకాన్ని పాలకవర్గ తీర్మానంలో పేరు, పని, జీతం, చేరిన తేదీతో సహా రాయవలెను. పాతవారికి కూడా ఇప్పుడు తీర్మానం చేసి నియామక పత్రం ఇవ్వవచ్చును.

రెండు: హాజరు పట్టీ, జీతాల చెల్లింపు రిజిస్టరు విడిగా పెట్టవలెను. జీతాన్ని జీతం పద్దు కిందనే రాసి, బ్యాంకు ఖాతా ద్వారా చెల్లించవలెను.

మూడు: పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లేని పనివారిని ఇ-శ్రమ్‌లో నమోదు చేయించవలెను. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న కేంద్రం ప్రారంభించిన జాబితా ఇది. ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, రుసుము లేదు. వలస కూలీల పేర్లు ఎక్కడా లేక కరోనాలో పడిన ఇబ్బంది తరువాతనే ఈ జాబితా తయారైనది.

నాలుగు: శీతలీకరణ కేంద్రం నడిపే సంఘాలు, ఎక్కువ మంది పనివారు ఉన్న సంఘాలు పి.ఎఫ్.లో చేరే విషయం ఆలోచించవలెను. 20 మంది లోపు ఉన్న సంస్థలకు వాటా 10 శాతమే. అయినా చిన్న సంఘానికి ఇది బరువే. రు. 8,000 జీతం గల ఇద్దరు ఉంటే, సంఘపు వాటా రు. 1,600, దానిపై నిర్వహణ చార్జీ కనీసం రు. 500, బీమాకు మరికొంత కలిపి నెలకు రు. 2,200 దగ్గరకు వస్తుంది. మార్జిన్ తట్టుకుంటుందో లేదో లెక్క చూసుకొని గాని తీర్మానం చేయరాదు. పి.ఎఫ్.లో నమోదైన సంస్థలకు 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు కల్పించే ఉద్యోగాలపై ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఉన్నది. అందులో మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి ఒక నెల జీతం, రు. 15,000 మించకుండా రెండు విడతలుగా ఇస్తారు. యజమానికి అదనపు ఉద్యోగి ఒక్కొక్కరిపై నెలకు రు. 3,000 వరకు రెండేళ్ళు వస్తుంది. 50 మంది లోపు సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకోవాలి. కరోనా నాటి పథకానికి, దీనికి దారి ఒక్కటే.

ఐదు: సంఘం తన సొంత నిధి ఏర్పాటు చేసుకొనవచ్చును. రోజుకు 300 లీటర్లు సేకరించే సంఘం తన మార్జిన్ నుంచి లీటరుకు 10 పైసలు పక్కన పెడితే రోజుకు రు. 30, ఏడాదికి రు. 10,950, మూడేళ్ళకు రు. 32,850 అవుతుంది. రు. 8,000 జీతం గల ఇద్దరికి రెండు నెలల జీతం రు. 32,000. ఎవరి దయా లేకుండా రెండు నెలల గడ్డు కాలాన్ని దాటించవచ్చును. ఇది రైతు పాల బిల్లులో కోత కాకూడదు. నియమావళి అనుమతించిన మేరకు, మహాజన సభ ఆమోదంతో, బ్యాంకులో వేరే ఖాతాగా ఉండవలెను.

సహాయం రావడం, రాకపోవడం మన చేతిలో లేదు. వచ్చినప్పుడు అందుకోవడానికి కావలసిన కాగితం మాత్రం మన చేతిలోనే ఉన్నది. పైన చెప్పిన మొదటి మూడు పనులకు రిజిస్టర్ల ఖరీదు తప్ప వేరే ఖర్చు లేదు. సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ వ్యాసాన్ని రాబోయే పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, జీతాల రిజిస్టరును ఈ నెల నుంచే ప్రారంభించవలసినదిగా కోరుతున్నాము. ఐదవ అంశాన్ని మహాజన సభ అజెండాలో చేర్చి, సభ్యుల అభిప్రాయం తీసుకొనవలసినదిగా మనవి.